వైశాఖంలో దుప్పట్లు

మొన్న చలికాలంలో మా వీధి కుర్రాళ్ళు నెల్లూరు బస్టాండు దగ్గర పేదవాళ్ళకు దుప్పట్లు పంచిపెట్టారు. వయసులో పెద్దవాణ్ణి కదా అని నన్ను తీసుకుపోయి కుర్చీలో కూర్చోబెట్టారు. ఫొటో తీసేవాడు నా టోపీ సరిచేసి, ఇచ్చేటప్పుడు దుప్పటి వంక కాకుండా తన వంక చూడమన్నాడు. వరసలో వచ్చిన ఒక ముసలాయన మాత్రం చెయ్యి చాపలేదు. తనకు దుప్పటి ఉందనీ, దీనికి బదులు చెప్పులేమైనా ఇప్పించగలరా అనీ అడిగాడు. కుర్రాళ్ళు నవ్వారు. ఇచ్చింది తీసుకో తాతా, వెనక జనం ఉన్నారని భుజం మీద దుప్పటి వేసి పక్కకు పంపేశారు.

నాకు నవ్వు రాలేదు. ఆ మాట నేను అంతకు ముందే విన్నాను, ఇంతకంటే గట్టిగా, ఇంతకంటే పెద్ద మనుషుల ముందర. అన్నది ఒక యానాది ముసలమ్మ. ఆమె చనిపోయిన సంగతి కూడా నాకు చాలా రోజుల తర్వాత, పొగాకు అమ్ముకునే ఒకాయన చెప్తే తెలిసింది. ఆ రోజు బజారులో ఏదో పని ఉన్నట్టు లేచి బయటికి పోయాను. ఆమె గురించి రాయాలని అప్పుడే అనుకున్నాను గానీ, ఆ ముసలాయన చెప్పులడిగే దాకా కలం పట్టలేదు.

అరవైల మొదట్లో నేను విడవలూరుకు తూర్పున ఒక ఊళ్ళో కాంపౌండరుగా ఉండేవాణ్ణి. సముద్రం మోత రాత్రిళ్ళు వినపడేంత దూరం. ఊరి మొదట్లో రెండు గదుల ధర్మాసుపత్రి, దాని ముందు వసారా. వారానికొకసారి నెల్లూరు నుంచి డాక్టరుగారు వచ్చేవారు. మిగిలిన రోజుల్లో డాక్టరూ నేనే, నర్సూ నేనే, ఊడ్చేదీ నేనే. అందరూ నన్ను సాయిబూ అని పిలిచేవాళ్ళు. నేనిచ్చే మిక్చరు తాగేవాళ్ళు, నా కుండలో నీళ్ళు మాత్రం తాగేవాళ్ళు కాదు. మిక్చరులో ముప్పాతిక ఆ కుండలో నీళ్ళేనని నేనూ ఎవరికీ చెప్పలేదు.

ఆసుపత్రి కట్టించినాయన్ని ఊరంతా పెద్దాయన అనేవాళ్ళు. వడ్లమిల్లు ఉంది, సాగు కాలువ కింద బోలెడు వరి కయ్యలున్నాయి. మనిషి చెడ్డవాడు కాదు. ఆయన తల్లి వైశాఖమాసంలో చలిజ్వరంతో పోయింది. బయట రాళ్ళు పగిలే ఎండ, లోపల ఆమె చలి చలి అని వణుకు. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పినా ఆ వణుకు ఆగలేదట. కొడుకు కాళ్ళ దగ్గర కూర్చుని ప్రాణం పోయేదాకా పాదాలు రుద్దుతూనే ఉన్నాడట. ఈ సంగతి ఆయనే నాకు చెప్పి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. అందుకని ఆయన్ని నేనెన్నడూ తేలిగ్గా తీసుకోలేదు.

అప్పటినుంచి ఏటా తల్లి తద్దినం నాడు ఆయన దిబ్బవాళ్ళకు దుప్పట్లు పంచేవాడు. దిబ్బ అంటే ఉప్పు కాలువకు అవతల ఉన్న ఇసక దిబ్బ. దాని మీద యానాదుల గుడిసెలుండేవి. బ్రాహ్మలకు ఇచ్చేవి పొద్దున్నే ఇంట్లో అయిపోయేవి. దుప్పట్లు మాత్రం ఆసుపత్రి ముందర పందిరి వేసి ఇచ్చేవారు. దిబ్బవాళ్ళు ఆ దుప్పట్లు పుచ్చుకున్న తర్వాతే ఆయన భోజనానికి కూర్చునేది. అది ఆయన పెట్టుకున్న నియమం. వైశాఖంలో, మన నెల్లూరు ఎండల్లో, ఒంటి మీద తువ్వాలు కూడా నిలవని రోజుల్లో దుప్పట్లు. ఎవరూ నోరెత్తి అనేవాళ్ళు కాదు. ఇచ్చే చేతికి ఋతువు గుర్తు చెయ్యడం మర్యాద కాదు కదా.

ఆ దుప్పట్లు ఏమవుతున్నాయని ఒకసారి అవ్వను అడిగాను. కుక్కలు బాగా పడుకుంటాయి సాయిబూ అని చెప్పింది.

అవ్వ అనే పిలిచేవాణ్ణి. దిబ్బ మీద చిన్నా పెద్దా అందరూ అలాగే పిలిచేవాళ్ళు. పొట్టి మనిషి, మెడ నిండా పూసలు, బొడ్లో పొగాకు ముడి. ఆమె కంటే ముందు ఆమె గొంతు వచ్చేది. ఆమె కాలువ దాటుతుండగానే, తొందర పనో కాదో ఆ గొంతులో తెలిసి, పొయ్యి మీద నుంచి కుండ దించాలో వద్దో తేల్చుకునేవాణ్ణి. ఎవరినీ మీరు అనేది కాదు. దేవుణ్ణీ, డాక్టరుగారినీ, పెద్దాయననీ అందరినీ నువ్వే. అందులో అమర్యాద ఉండేది కాదు. అంతకంటే వేరే మాట ఉంటుందని ఆమెకు తోచలేదనుకుంటాను.

దిబ్బవాళ్ళు మందుకు వస్తే వెనక కిటికీ దగ్గర నిలబడాలని ఆసుపత్రి గుమాస్తా పెట్టిన పద్ధతి. నేను చేరకముందు నుంచీ ఉంది. అవ్వ వచ్చిన మొదటి రోజే ముందు వసారాలోకి వచ్చి, స్తంభానికి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. గుమాస్తా చూసి, కిటికీ దగ్గరికి పో ముసిలీ అని అరిచాడు. ఆమె కదలకుండా అతనికి మోకాలు చూపించింది. వాపుతో గుమ్మడిపిందెలా ఉంది. ఆ కిటికీలో ఈ కాలు పట్టదన్నది. తర్వాత తర్వాత ఆమెతో వచ్చినవాళ్ళందరూ వసారాలోనే కూర్చోవడం మొదలుపెట్టారు. కిటికీ ఊడలేదు, తీయలేదు. దాని దగ్గరికి ఎవరూ పోవడం మానేశారు, అంతే.

ఆమెతో నాకు మొదట వచ్చిన తంటా ఎండ్రకాయలతో. ధర్మాసుపత్రి కాబట్టి రోగుల దగ్గర ఏమీ పుచ్చుకోకూడదు. అవ్వ మాత్రం ఉత్త చేతులతో వచ్చేది కాదు. మందు తీసుకున్నప్పుడల్లా బాదంఆకులో కట్టిన ఎండ్రకాయలో, చిన్న తేనె పట్టో, ఏమీ దొరక్కపోతే గుప్పెడు చింతగింజలో బల్ల మీద పెట్టి పోయేది. వద్దంటే వినదు. వెనక్కి తీసుకుపొమ్మంటే మందు సీసా కూడా బల్ల మీదే వదిలేసి లేచేది. చివరికి నేనే లొంగిపోయి ఎండ్రకాయలు వండుకుని తినేవాణ్ణి. సముద్రపు ఒడ్డున పుట్టినవాణ్ణి, ఎన్నాళ్ళని నోరు కట్టుకుంటాను?

ఒకనాడు ఆసుపత్రి వెనక డొప్పల కుప్ప గుమాస్తా కంట పడింది. పేదల దగ్గర లంచం తింటున్నావా అని నన్ను నిలదీశాడు. అవ్వ అక్కడే ఉంది. సాయిబును ఏమనవద్దు, ఇచ్చేది నేను అన్నది. ఉచితంగా ఇచ్చే మందుకు ఇవన్నీ ఎందుకని అతను అడిగాడు. అప్పుడామె చెప్పిన మాట నాకు ఇప్పటికీ ఆ గొంతుతోనే వినపడుతుంది.

"ఉత్తినే ఇచ్చేదాన్ని ఎప్పుడన్నా ఆపేస్తారు గుమాస్తా. మాట్లాడకుండా తీసుకుంటే, మాట్లాడకుండా ఆపేస్తారు. నేనేదన్నా పెట్టి తీసుకుంటే, ఆపిన రోజు ఎందుకాపినావని అడిగేదానికి నాకు నోరుంటాది."

ఆమె వైద్యం కూడా ఇదే లెక్కలో నడిచేది. ఒక వానాకాలం నేను వసారా మెట్ల మీద జారి కాలు బెణికించుకున్నాను. ఆసుపత్రి నిండా మందులున్నాయి, నా కాలికి మాత్రం ఏదీ పని చెయ్యలేదు. అవ్వ ఏదో ఆకు నూరి, వెచ్చచేసి కట్టింది. మర్నాటికి వాపు దిగింది. అప్పుడు చెయ్యి చాపి టీపొడి పొట్లం అడిగింది. నవ్వుతూ ఇచ్చాను. నవ్వొద్దు, ఊరికే చేయించుకుంటే ఆ కాలు నా మాట వినదు అన్నది. ఆ ఆకు దేనిదేనికి పని చేస్తుందని అడిగితే, అన్నిటికీ పని చేస్తే నీ దగ్గరికెందుకు వస్తానని నన్నే ఎదురడిగింది. కొన్నిటికి నా ఆకు, కొన్నిటికి నీ సూది, కొన్నిటికి రెండూ చాలవు అన్నది. ఇంత నిజం చెప్పే వైద్యుణ్ణి నేను ఆ తర్వాత కూడా ఎక్కువమందిని చూడలేదు.

ఎవరైనా కాదు కూడదని అంటే వాళ్ళు చెప్పిందంతా ఓపిగ్గా వినేది. విని, పొగాకు ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చి, "విన్నా. ఇప్పుడు నేను చెప్పేది విను" అనేది. ఆ మాట వచ్చిందంటే అవతలివాళ్ళు ఓడిపోయినట్టేనని నేను లోపల అనుకునేవాణ్ణి. గుమాస్తా అయితే ఆ మాట రాకముందే లేచి పోయేవాడు.

ఇక ఆ ఎండాకాలం సంగతి.

దిబ్బ మీద బావి లేదు. ఇసకలో చెలమలు తవ్వుకుని ఊరిన నీళ్ళు తాగేవాళ్ళు. వానలున్నన్నాళ్ళు ఫరవాలేదు. ఎండలు ముదిరితే ఆ గుంటల్లోకి ఉప్పు ఎక్కేది. కుక్కలూ మేకలూ దిగేవి. వైశాఖం వచ్చేసరికి పిల్లలకు వాంతులూ భేదులూ పట్టుకునేవి. ఊళ్ళో మంచినీళ్ళ బావి ఉంది గానీ, దిబ్బవాళ్ళు అందులో చేద వెయ్యకూడదు. పక్కన కుండ పట్టుకుని నిలబడితే, తోడుకునే వాళ్ళలో ఎవరికి దయ కలిగితే వాళ్ళు పైనుంచి పోసేవాళ్ళు. పొద్దున నిలబడితే ఒక్కోసారి మధ్యాహ్నానికి కూడా దయ కలిగేది కాదు.

ఆ ఏడు దిబ్బ మీద చాలామంది పిల్లలు పడ్డారు. ఒక ఉదయం అవ్వ గొంతు వినపడకుండానే అవ్వ వచ్చింది. భుజం మీద మనవరాలు. చెవులకు చిన్న ఇత్తడి పోగులు, నాలుగేళ్ళుంటాయేమో. కళ్ళు లోపలికి పోయాయి, ఏడవడానికి కూడా ఓపిక లేదు. నా దగ్గరున్న మందు పట్టాను. బార్లీ నీళ్ళు చెంచాతో పోశాను. డాక్టరుగారికి మనిషిని పంపాను. ఆయన వచ్చేలోపే, వసారాలో బల్ల మీద, ఆ పిల్ల పోయింది.

అవ్వ అక్కడ ఏడవలేదు. కుండలో నీళ్ళు ముంచి పిల్ల పెదవులు తడిపింది. మిగిలిన నీళ్ళు తను నోట్లో పోసుకుని, మింగకుండా కాసేపు ఉంచుకుంది. తర్వాత మింగి ఇదేం జబ్బని అడిగింది. నీళ్ళవ్వా, ఆ చెలమ నీళ్ళ వల్ల అన్నాను.

"జబ్బు నీళ్ళదయితే మందెందుకిస్తా ఉండావు సాయిబూ? నీళ్ళే ఇయ్యి" అన్నది.

నేను లోపలికి పోయి మందు సీసాల మధ్య నిలబడి ఏడ్చాను. ఆ మాటలో నా మీద కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది.

పిల్లను పూడ్చిన తర్వాత ఆమె బావి కావాలని గుమాస్తా దగ్గరికి పోయింది. ధర్మం మందులకూ దుప్పట్లకూ మాత్రమే, బావులు పంచాయతీ చూసుకోవాలని అతను చెప్పాడు. పంచాయతీలో అడిగితే దిబ్బ ఊరి కింద లేదన్నారు. ఎవరి కింద ఉందో వాళ్ళకూ తెలియదు. ఆ వారంలోనే పెద్దాయన తల్లి తద్దినం వచ్చింది. పందిరి వేశారు, దుప్పట్లు పంచారు. బిడ్డలు పోయిన ఇళ్ళవాళ్ళు కూడా వచ్చి, ఒక్కో దుప్పటి తీసుకుని ఎండలో కాలువ దాటి పోయారు. అవ్వ రాలేదు.

ఆ తర్వాత ఏడాదంతా ఆమె తిరుగుతూనే ఉంది. ఉప్పు కాలువ వెంబడి ఎక్కడెక్కడ యానాదుల గుడిసెలున్నాయో అక్కడికల్లా పోయి, పొగాకు పెట్టి, పుచ్చుకుని, కూర్చుని మాట్లాడి వచ్చేది. నా దగ్గర దాచలేదు. ఈసారి దుప్పట్లు ఎవరూ ముట్టరని చెప్పింది. నాకు భయం వేసింది. పెద్దాయనకు కోపం వచ్చి ఆసుపత్రి మూసేస్తే ఎట్లా అవ్వా అన్నాను. అంతా విన్నది. పొగాకు దవడ మారింది.

"మూస్తే మూస్తాడు. ఆసుపత్రి తెరిచి ఉండంగానే గదా బిడ్డలు పోయినారు" అన్నది.

మళ్ళీ వైశాఖం వచ్చింది. ఆసుపత్రి ముందర పందిరి, మామిడాకులు, బల్ల మీద దుప్పట్ల దొంతర్లు. నెల్లూరు నుంచి పెద్దాయన చుట్టాలూ స్నేహితులూ కార్లలో వచ్చారు. దిబ్బవాళ్ళు అందరూ వచ్చారు, తలంటుకుని, ఉన్నవాటిలో మంచి గుడ్డలు కట్టుకుని. వచ్చి ఎండలోనే ఇసక మీద కూర్చున్నారు. పెద్దాయన మొదటి దుప్పటి చేతిలోకి తీసుకున్నాడు. గుమాస్తా పేరు పెట్టి పిలిచాడు. ఎవరూ లేవలేదు. ఇంకో పేరు పిలిచాడు. కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే ఉన్నారు.

గుమాస్తా అరిచాడు, బతిమాలాడు, పక్క గూడేలకు మనుషుల్ని పరిగెత్తించాడు. వాళ్ళు వెళ్ళినంత వేగంగానే, వెంట ఎవరూ రాకుండా తిరిగొచ్చారు. పుచ్చుకునేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారనే అందరి నమ్మకం. దొరక్కపోతే ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు, పురోహితుడికి కూడా. ఎండ నెత్తికెక్కింది. పెద్దాయన చేతిలో ఆ దుప్పటి అలాగే ఉంది. ముఖాన చెమట కారుతోంది. చుట్టాలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు.

చివరికి ఆయనే పందిరి దాటి అవ్వ దగ్గరికి వచ్చాడు. నేను వసారాలో స్తంభం పక్కన ఉన్నాను, ప్రతి మాటా వినపడింది. మా అమ్మ పేరు మీద ఇచ్చేది కాదంటున్నావా అని అడిగాడు. గొంతులో కోపం కంటే దెబ్బ తిన్నతనం ఎక్కువగా ఉంది.

అవ్వ తలెత్తింది. "మీ అమ్మకి చలేసింది. నువ్వు కప్పినావు. మంచి కొడుకువి నాయనా. మాకు చలి లేదు. మా బిడ్డలు దాహంతో పోతా ఉండారు. దిబ్బ మీద బావి తవ్వియ్యి, కళ్ళకద్దుకుంటాం. ఈ దుప్పటి మాత్రం ముట్టం."

అందరి ముందూ తల్లి చావును అంత మామూలు గొంతుతో ఎవరూ ఆయనకు గుర్తు చేసి ఉండరు. చేతిలో దుప్పటి గుమాస్తాకు అందించి నేరుగా పోయి కారులో కూర్చున్నాడు. ఆ రోజు ఆయన భోజనం చెయ్యలేదని విన్నాను. దిబ్బ మీద కూడా ఆ రోజు ఎవరూ పొయ్యి వెలిగించలేదు. ఆయన పస్తు ఉన్నప్పుడు మనం తినకూడదని అవ్వ చెప్పిందట. పోట్లాటలో కూడా ఆమె మర్యాద అట్లాంటిది.

మర్నాడే గుమాస్తా వచ్చి, దిబ్బవాళ్ళకు ఇక మందు ఇవ్వొద్దని నాతో చెప్పాడు. పెద్దాయన మాటా ఇది అని అడిగాను. తన మాటే చాలన్నాడు. ఆసుపత్రి మందులు ఆసుపత్రివి, వాటి మీద నాకు అధికారం లేదు. నెల్లూరులో మా బావకు మందుల కొట్టు ఉంది. అక్కడినుంచి తెప్పించుకుని, సాయంత్రం తలుపులు వేశాక నేనే కాలువ దాటి దిబ్బకు పోయేవాణ్ణి. నీళ్ళు కాచి చల్లార్చి తాగమని ఇల్లిల్లూ తిరిగి చెప్పేవాణ్ణి. పుల్లలు ఏరుకొచ్చి ఆ ఎండలో నీళ్ళు కాచుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. అయినా కాచారు. అవ్వ దగ్గరుండి కాయించింది. అయినా ఇద్దరు పిల్లలు పోయారు. ఆ ఇళ్ళలో కొందరు అవ్వ మీద విసుక్కున్నారు కూడా, ఉన్న ఆసుపత్రినీ పోగొట్టావని. ఆమె వాళ్ళతో వాదించలేదు. పక్కన కూర్చుని ఏడ్చింది. ఏడ్చి లేచి, మళ్ళీ పొయ్యి కింద పుల్ల పెట్టింది.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం పెద్దాయన ఒక్కడే ఆసుపత్రికి వచ్చి రోగులు కూర్చునే బల్ల మీద కూర్చున్నాడు. మనిషి చిక్కిపోయాడు. నేను చేసిన తప్పేంది సాయిబూ అని అడిగాడు. దిబ్బవాళ్ళకు మందు ఆపినట్టు ఆయనకు తెలియదని ఆ మాటల్లో బయటపడింది. చెప్పాను. ఆ పిల్ల పోయిన సంగతి కూడా, ఇదే బల్ల మీద అని చెప్పాను. ఆయన కూర్చున్నచోటు తడిమి చూసుకున్నాడు. ఆ సాయంత్రం నుంచే మందు మళ్ళీ మొదలైంది. బావి తవ్విస్తానని అవ్వకు చెప్పమన్నాడు. రోడ్డు పక్కన, ఆసుపత్రికి ఎదురుగా, తల్లి పేరు చెక్కిన రాయితో.

నేను సంతోషంగా పోయి చెప్పాను. ఆమె అడ్డంగా తలూపింది. రోడ్డు పక్కన తవ్వితే అది ఊరి బావి అయిపోతుందనీ, మళ్ళీ తామే పక్కన కుండ పట్టుకుని నిలబడాల్సి వస్తుందనీ అన్నది. తవ్వితే దిబ్బ మీదే. ఆ జవాబు మోసుకుపోవడానికి నాకు ధైర్యం చాల్లేదు. నేను పోనక్కర్లేకపోయింది. ఒక రోజు పొద్దున నేను దిబ్బ మీద ఉండగానే, పెద్దాయనే తాటిదుంగల వంతెన మీద చెప్పులు చేత్తో పట్టుకుని కాలువ దాటి వచ్చాడు.

దిబ్బ మీద రాయి పెడితే ఎవరు చూస్తారన్నది ఆయన బాధ. నీళ్ళు తోడుకునేవాళ్ళు చూడరా అని అవ్వ అడిగింది. మీకు చదువు రాదు కదా అన్నాడాయన.

"మీ అమ్మ చదువుకునిందా నాయనా?"

లేదు, వేలిముద్రే అన్నాడు పెద్దాయన. అంటూ నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. ఆ నవ్వుతో బావి దిబ్బ మీదికి వచ్చేసింది.

సిమెంటు వరలు కాలువలో పడవల మీద వచ్చాయి. మొదట తవ్వినచోట ఉప్పు నీళ్ళు పడ్డాయి. రెండోచోట అంతకంటే ఉప్పు. యానాదులకు నీటి జాడ పుట్టుకతోనే తెలుస్తుందంటారు, నువ్వే చూపించరాదా అని పెద్దాయన అవ్వను అడిగాడు. అట్టా తెలిస్తే ఇన్నేళ్ళు ఉప్పు నీళ్ళెందుకు తాగామని ఆమె పకపకా నవ్వింది. తవ్వుదాం, పడినకాడ పడతాయి అన్నది. దిబ్బవాళ్ళు కూలీకి కాకుండా తమ బావికి తవ్వినట్టు తవ్వారు. మూడోచోట, సవకతోట వైపు, తియ్యటి నీళ్ళు పడ్డాయి. దిగినవాడు పైకి గుక్కెడు పంపితే, అవ్వ నోట్లో పోసుకుని మింగింది. అప్పుడు ఏడ్చింది. అందరి ముందూ, గట్టిగా, పిల్లను తలుచుకుని పేరు పెట్టి ఏడ్చింది.

మరుసటి తద్దినం దిబ్బ మీదే జరిగింది. గిలకకు పసుపు రాశారు, రాయికి దండ వేశారు. చాంతాడు దిబ్బవాళ్ళు పేనుకున్నదే. ఒకరి తర్వాత ఒకరు చేద వేసి తోడుకుని, బిందెలు నింపుకున్నారు. ఎవరూ ఎవరి దయ కోసమూ నిలబడలేదు. చుట్టాలు కొందరు కాలువ దాటకుండా అవతలే ఉండిపోయారు. పెద్దాయన మాత్రం దోసిలి పట్టి, ఒక యానాది పడుచు పోస్తే తాగాడు. ఆ ఎండాకాలం దిబ్బ మీద ఒక్క పిల్ల పోలేదు.

తాగి, తడిచేతులు కండువాకు తుడుచుకుంటూ ఆయన రాయి పక్కన నిలబడ్డాడు. మనిషి కరిగిపోయి ఉన్నాడు. వచ్చే ఏడు ఇక్కడే వీళ్ళందరి కోసం ఒక భజన మందిరం కట్టిస్తానని ప్రకటించాడు. గుమాస్తా ముందుగా చప్పట్లు కొట్టాడు, తర్వాత అందరూ కొట్టారు, నేనూ కొట్టాను. అవ్వ కొట్టలేదు. బిందె దించి, చెంగుతో ముఖం తుడుచుకుని, ఆయన ముందుకు వచ్చింది.

"ఆగు నాయనా. మాకు ఏం కావాలో ముందు మేం కూచోని అనుకోవాల. అనుకున్నాక నీకు చెప్తాం. అప్పుడు నీకు చేతనయిందో కాదో నువ్వు చెప్పు."

చప్పట్లు ఆగిపోయాయి. గుమాస్తా ఏదో అనబోయాడు. పెద్దాయన చెయ్యెత్తి అతన్ని ఆపాడు. ఎండలో నిలబడి చాలాసేపు ఆమె వంక చూశాడు. ఆ జిల్లాలో ఆయన గుమ్మం ముందు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాచుకుని కూర్చునేవాళ్ళను నేను ఎరుగుదును.

"అయితే నన్ను ఎప్పుడు రమ్మంటావు?" అని అడిగాడు.

అవ్వ వెనక్కి తిరిగి తనవాళ్ళ ముఖాలు చూసింది.

"అమాస పోయినాక రా. పొద్దున్నే రా, ఎండెక్కితే ఈ ఇసకలో నువ్వు నడవలేవు" అన్నది.